అత్త జ్వరం, ఆటు నీరు

అనగనగా, సముద్రం గుమ్మం ముందే ఉన్న ఒక ఊరు. ఆ ఊరి పేరు చుక్కానిపేట. ఇంట్లోంచి కాలు బయట పెడితే ఇసుక, ఇసుక దాటితే నీళ్ళు. పడుకుంటే అలలు తలకిందే కొట్టుకుంటున్నట్టు ఉండేది.

ఇటు జరుగు, దుప్పటి నాక్కూడా కాస్త ఇయ్యి. ఆఁ, ఇప్పుడు విను.

సముద్రం ఎప్పుడూ ఒక్క తీరున ఉండదు కదా. కాసేపు ఒడ్డు మీదికి ఎక్కి వస్తుంది. దాన్ని పోటు అంటారు. ఆ తర్వాత మెల్లిగా వెనక్కి జారిపోతుంది. దాన్ని ఆటు అంటారు. అందరూ అంటారు గానీ, చుక్కానిపేట వాళ్ళు మాత్రం అనేవాళ్ళు కాదు. ఆ మాట నోట పలికితే కీడని వాళ్ళ భయం. సముద్రాన్ని వాళ్ళు గంగమ్మ అంటారు. అందుకని, నీరు వెనక్కి పోయే వేళకి "గంగమ్మ మొహం తిప్పుకుంది" అనేవాళ్ళు. అదైనా గొంతు తగ్గించి, చెవిలో చెప్పినట్టు.

ఆ వేళప్పుడు వాళ్ళు కొత్త వల నీళ్ళలో వెయ్యరు. పెళ్ళి మాటలు మాట్లాడరు. చంటిపిల్లకి అన్నం ముట్టించరు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే సముద్రం వైపు తలుపు గట్టిగా మూసేస్తారు. ఎందుకంటావా? పోయే నీరు ఒట్టి చేతుల్తో పోదట. ఎవరో ఒకరి ప్రాణాన్ని వెంటబెట్టుకుని పోతుందట.

ఆ ఊళ్ళో మసేనమ్మ అని ఒకావిడ ఉండేది. మాట కరుకు, చెయ్యి మెత్తన. మొగుడు పోయాక ఒక్కగానొక్క కొడుకుని పెంచి పెద్ద చేసింది. వాడి పేరు కొర్లయ్య. తెల్లారకుండానే తెప్ప వేసుకుని చేపల వేటకి పోయేవాడు. పని తెలిసినవాడే గానీ, తల్లి ముందు నోరెత్తేవాడు కాదు. వాడికి ఒక పిల్లని చూసి పెళ్ళి చేసింది మసేనమ్మ.

ఆ పిల్ల తవిటమ్మ. ఆ పేరేమిటని నవ్వకు. తనకన్నా ముందు పుట్టిన పిల్లలెవరూ దక్కలేదు. అందుకని ఈ పిల్ల పుట్టగానే పొరుగావిడ చేతుల్లో పెట్టి, చాటెడు తవుడు ఇచ్చి మళ్ళీ కొనుక్కున్నారు. తవుడుకి కొన్న పిల్ల గనక తవిటమ్మ అయింది. అలా బతికి బట్టకట్టిన పిల్ల కదా, దేనికీ జంకేది కాదు.

తవిటమ్మ పుట్టిల్లు గుల్లలమొగ. అక్కడ ఏరు వచ్చి సముద్రంలో కలుస్తుంది. ఎటు చూసినా నల్లటి బురద. ఆ బురద నిండా గుల్లలు, పీతలు. నీరు నిండుగా ఉన్నంతసేపూ ఊరివాళ్ళు గట్టు మీద కూర్చుని ఎదురు చూస్తారు. నీరు వెనక్కి జారడం మొదలవగానే ఎవరో ఒకరు కేక వేస్తారు, "గంగమ్మ తలుపు తీసిందర్రో!" అని. అప్పుడు ఆడా మగా, పిల్లా పీచూ అందరూ బుట్టలు పట్టుకుని బురదలోకి దిగుతారు. వాళ్ళకి అన్నం పెట్టేది ఆటే. అందుకే అక్కడ ఏ మంచిపనైనా ఆటు చూసుకుని మొదలుపెడతారు.

ఒకటే సముద్రం, ఒకటే నీరు. ఒక ఊరికేమో తలుపు తియ్యడం, ఇంకో ఊరికేమో మొహం తిప్పుకోవడం. ఆ ఊరి పిల్ల ఈ ఊరి కోడలయింది. ఇంక చూసుకో.

కాపరానికి వచ్చిన కొత్తలో ఒక పొద్దున్న తవిటమ్మ వాకిలి ఊడుస్తోంది. చూస్తుండగానే నీరు వెనక్కి జారింది. తడి ఇసుక అద్దంలా మెరిసింది. పుట్టిల్లు గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది ఆ పిల్లకి. చీపురు అక్కడే పడేసి, వేట నుంచి అప్పుడే వచ్చిన మొగుణ్ణి పెద్దగా కేకేసింది.

"మావా! ఆటొచ్చింది మావా! గంగమ్మ తలుపు తీసింది!"

అంతే. వీధి వీధంతా చప్పుడు లేకుండా అయిపోయింది. వల బాగుచేసుకుంటున్నవాళ్ళు చేతులు ఆపేశారు. ఎదురింటి ముగతమ్మ నెత్తిమీది నీళ్ళ బిందె దింపి, చెంపలు వాయించుకుంది. అప్పుడు మసేనమ్మ పరుగున వచ్చి కోడలి చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.

"నోరు ముయ్యే! ఆ మాట ఈ ఇంట అనకు."

"అదేటత్తా? నీరే కదా, పోతాది, మళ్ళీ వత్తాది."

మసేనమ్మ మంచం అంచున కూర్చుని, మెల్లిగా చెప్పింది. "కొర్లిగాడి అయ్య పోయింది ఆ ఏలే. పొద్దున్న నీరు నిండుగా ఉన్నప్పుడు నాతో మాటాడేడు. కొర్లిగాడికి కొత్త తెప్ప కొనాలన్నాడు. నీరు యెనక్కి పోడం మొదలెట్టింది. నాను సెయ్యి అట్టుకునే ఉన్నాను. నీటితోటి ఆయనా ఎల్లిపోయేడు."

తవిటమ్మ అత్త పక్కనే చతికిలబడి, ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట అత్త ముందు అనలేదు.

అనకపోయినా, మనసులో మాట మనసులో ఉంటుంది కదా!

కొన్నాళ్ళకి పెనుగాలి పట్టుకుంది. తెప్పలన్నీ ఒడ్డున బోర్లించి పెట్టేశారు. ఇంట్లో బియ్యం ఉన్నాయి గానీ, కూర లేదు. కొర్లయ్య చింతపండు నీళ్ళతోనే అన్నం కలుపుకుంటున్నాడు. చూసి చూసి తవిటమ్మ ఒకరోజు బుట్ట తీసుకుని, నీరు వెనక్కి పోయిన వేళ బండల అవతలికి వెళ్ళింది. ఇసుకలో చేత్తో తవ్వింది. బుట్ట సగం గుల్లలతో నిండింది. తెచ్చి, కడిగి, ఉడకబెట్టి, పచ్చిమిరపకాయలూ చింతపండూ వేసి పులుసు పెట్టింది. ఆ వాసనకి కొర్లయ్య పొయ్యి దగ్గరే కూర్చుండిపోయాడు.

అప్పుడు మసేనమ్మ వచ్చింది. కుండ మూత తీసి చూసింది.

"ఎక్కడివే ఇవి?"

"బండల అవతల దొరికేయత్తా."

"పోయే నీరు వదిలేసిన ఎంగిలా? ఎంగిలి తెచ్చి నా పొయ్యి మీద పెడతావా?"

"ఎంగిలి కాదత్తా, గంగమ్మ పెట్టుపోత."

మసేనమ్మ వినలేదు. కుండ పట్టుకెళ్ళి పులుసంతా ఇసుకలో పోసేసింది. కొర్లయ్య పెళ్ళాం వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు, తలొంచుకుని చింతపండు నీళ్ళు కలుపుకున్నాడు. తవిటమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా పోట్లాడలేదు. కుండ తోమి బోర్లించింది. తోమినంతసేపూ ఒకటే ఆలోచన. ఈవిడకి నా మీద కోపం కాదు, ఆ నీటి మీద కోపం. మొగుణ్ణి తీసుకుపోయిన నీరు కూడు పెడితే ఎలా తింటుంది పాపం, అనుకుంది.

వింటున్నావా? ఊఁ అను మరి. ఆఁ.

ఆ తర్వాత వానలు పడ్డాయి. వానల చివర్లో మసేనమ్మకి జ్వరం వచ్చింది. మొదట వట్టి జ్వరమే అనుకున్నారు. ఆకు పసరు పోశారు, శొంఠి కషాయం కాచి ఇచ్చారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ కాసింది. ఒళ్ళు కాలిపోతున్నా మసేనమ్మ మంచం మీంచే పెత్తనం చేసింది. "ఉప్పుచేపలు లోపలెట్టండి, వానొత్తాది" అని కేకలు వేసింది. తవిటమ్మ గంజి కాచి ఇస్తే, ఉప్పు తక్కువైందని తిడుతూ తాగింది. తిడుతున్నంతకాలం తవిటమ్మకి ధైర్యంగానే ఉంది.

అప్పుడు ముగతమ్మ చూడ్డానికి వచ్చింది. ఆ ఊళ్ళో ఎవరికి బాగోకపోయినా ఆవిడే వచ్చి మంచం పక్కన కూర్చుంటుంది. చెడ్డ మనిషి కాదు. ఎన్నో చావులు చూసిన మనిషి, చూసిందే చెబుతుంది. మసేనమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, గుమ్మంలోకి వచ్చి కొర్లయ్యతో అంది.

"నాయినా, అమాస వత్తన్నాది. అమాసకి నీరు శానా దూరం పోతాది. మీ యమ్మ ఆ నీటికి ఆగదు."

గుమ్మంలో అన్న మాట మంచం దాకా వినిపించింది. ఆ క్షణం నుంచి మసేనమ్మ నోరు మూసుకుంది. తిట్టడం మానేసింది. గంజి ఇస్తే మొహం అటు తిప్పుకుంది.

"నాకెందుకే? అమాసకి ఎల్లిపోయేదాన్ని. అదేదో మీరు తాగండి."

మంచినీళ్ళు కూడా ముట్టలేదు. కొర్లయ్య కాళ్ళు పట్టుకుని బతిమాలాడు. ముట్టలేదు. మసేనమ్మ చెల్లెలు పక్క ఊరినుంచి వచ్చి ఏడ్చింది. ముట్టలేదు. తవిటమ్మ చెంచా నోటి దగ్గర పెడితే పళ్ళు బిగబట్టింది. జ్వరం కన్నా ఆ మాటే ఈవిడని ఎక్కువ కాల్చేస్తోంది అనిపించింది తవిటమ్మకి.

అమావాస్య వచ్చింది. పొద్దున్నే సముద్రం నిండుగా పొంగి తెప్పల దాకా వచ్చింది. మసేనమ్మ కళ్ళు తెరిచి ఆ హోరు విని, కొడుకు తల నిమిరింది. అందరికీ అర్థమైంది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నారు. ముగతమ్మ సముద్రం వైపు తలుపు మూసి గడియ పెట్టింది. ఇంట్లో గాలి లేదు. కొర్లయ్య గుంజకి తల ఆనించి కళ్ళు తుడుచుకుంటున్నాడు.

అప్పుడు తవిటమ్మ మంచం దగ్గరికి వచ్చి, అత్త చెవి దగ్గర కూర్చుంది.

"అత్తా, మా యూళ్ళో ఏటంతారో తెలుసా?"

మసేనమ్మ కనురెప్ప కదిలింది.

"పోయే నీరు ఒట్టి సేతుల్తో పోదంతారు కదా మీరు? మా యూళ్ళోనూ అదే అంతారు. అయితే అది అట్టుకుపోయేది మనిషిని కాదు, జొరాన్ని. మా యూళ్ళో జొరమొచ్చినోళ్ళని ఆటు ఎదర పడుకోబెడతారు. సూత్తండగానే జొరం దిగిపోతాది. అమాస ఆటయితే మరీని. అంత దూరం పోయే నీరు ఎంత జొరాన్నయినా మోసుకుపోతాది."

గోడకి ఆనుకున్నవాళ్ళంతా ఉలిక్కిపడ్డారు. ఆ మాటని ఆ ఇంట్లో, ఆ వేళ, అంత గట్టిగా! కానీ మసేనమ్మ కళ్ళు తెరిచింది.

"నిజమేనా?" అంది. గొంతు గాలిలా ఉంది.

"నిజం కాక? కానీ ఒకటి. కడుపు ఖాళీగా ఉంటే జొరంతో పాటు మనిషినీ లాగేత్తాది. గంజి తాగి కూకోవాల. తాగుతావా?"

మసేనమ్మ కోడలి మొహంలోకి చూసింది. అటూ ఇటూ వెతికినట్టు చూసింది. తవిటమ్మ రెప్ప వాల్చలేదు. అప్పుడు ముసలావిడ, రెండు రోజుల తర్వాత, గంజికి నోరు తెరిచింది.

ఒక చెంచా లోపలికి వెళ్ళగానే తవిటమ్మ లేచి నిలబడింది. "మావా, ఏడుపు ఆపి ఇలా రా. అత్త మంచం ఒడ్డుకి తీసుకెళ్ళాల."

ముగతమ్మ తలుపుకి అడ్డం నిలబడింది. "మతిపోయిందేటే నీకు? ఆ నీటి ఎదర దాన్ని పెడతావా? రేపేటైనా అయితే, కోడలే సంపీసిందంటాది ఊరు."

"అననీయండి ముగతమ్మత్తా. ఏటైనా అయితే నన్ను అడగండి. ఇప్పుడు మాత్రం అడ్డు లెగండి."

పైకి అలా అంది గానీ, తవిటమ్మ చీర కుచ్చెళ్ళు చేత్తో గట్టిగా పట్టుకుంది. కొర్లయ్య ఇద్దరినీ చూశాడు. ఆ తర్వాత, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎవరినీ అడక్కుండా వెళ్ళి గడియ తీశాడు. మొగుడూ పెళ్ళాం చెరో వైపు పట్టి మంచాన్ని ఇసుకలోకి మోసుకొచ్చారు. తెడ్లు పాతి, వాటి మీద తెరచాప కట్టి నీడ చేశారు. చల్లటి గాలి వచ్చి మసేనమ్మ మొహానికి తగిలింది. ఇంట్లో కూర్చున్నవాళ్ళంతా వెనకాలే వచ్చి దూరంగా నిలబడ్డారు.

అప్పుడు నీరు వెనక్కి జారడం మొదలుపెట్టింది.

మసేనమ్మ తన బతుకులో ఎప్పుడూ ఆ నీటిని అంత తిన్నగా చూడలేదు. కళ్ళు మూసుకోబోయింది. తవిటమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "సూడత్తా. తెప్పల కాడి నుంచి నీరు పోయింది. నీ కాళ్ళ నొప్పి అట్టుకుపోయింది. ఒక చెంచా తాగు." మసేనమ్మ తాగింది.

ఆ తర్వాత నీటి మధ్యలోంచి నల్లబండ తేలింది. "అదుగో, బండ కనిపించింది. తలనొప్పి పోతన్నాది. ఇంకో చెంచా." మసేనమ్మ తాగింది. తడిగుడ్డ మార్చి నుదుటి మీద వేసింది తవిటమ్మ. కొర్లయ్య తాటాకుతో విసురుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత నీరు ఇంకా వెనక్కి, ఇంకా వెనక్కి పోయింది. పిల్లలెప్పుడూ చూడని ఇసుక మేటలు పైకి తేలాయి. కొంగలు వచ్చి వాలాయి. సముద్రం ఎక్కడో సన్నటి గీతలా మిగిలింది. "అంతా పోయింది అత్తా. జొరమంతా అట్టుకుపోయింది," అంది తవిటమ్మ.

మసేనమ్మ పలకలేదు. కళ్ళు మూసుకుని ఉంది. చెయ్యి వదులైపోయింది.

దూరంగా నిలబడ్డవాళ్ళలో ఒకరు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. చెల్లెలు "ఓలప్పో!" అని గుండెలు బాదుకుంది. మిగతావాళ్ళు అందుకున్నారు. తవిటమ్మ అత్త నుదుటి మీది గుడ్డ తీసి, అరచెయ్యి ఆనించింది. నుదురు తడిగా ఉంది. మెడ తడిగా ఉంది. రవిక తడిసిపోయింది. చెమట! ఒళ్ళు చల్లగా ఉంది, మన ఒళ్ళు ఉన్నట్టు చల్లగా.

అప్పుడు మసేనమ్మ ఒక కన్ను తెరిచింది.

"ఏటే ఆ గోల? మనిషిని నిద్దరోనివ్వరా?"

ఏడుస్తున్నవాళ్ళు ఏడుపు సగంలో మింగేశారు. కొర్లయ్య తాటాకు పడేసి, పెళ్ళాన్ని పట్టుకుని భోరుమన్నాడు. మసేనమ్మ కాసేపు ఆ దూరపు నీటిని చూస్తూ పడుకుంది. "ఉప్పు తక్కువైంది గంజిలో," అంది.

అక్కడితో అయిపోయిందనుకుంటున్నావా? లేదు, ఇంకొంచెం ఉంది.

మసేనమ్మ లేచి తిరగడం మొదలెట్టాక, ఒకరోజు అత్తా కోడలూ కూర్చుని ఉప్పుచేపలు ఏరుతున్నారు. చుట్టుపక్కల ఎవరూ లేరు. మసేనమ్మ ఉన్నట్టుండి అడిగింది.

"ఒలే, నిజం సెప్పు. మీ యూళ్ళో నిజంగా అలగంతారా? పోయే నీరు జొరాన్ని అట్టుకుపోతాదని?"

తవిటమ్మ చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. తల దించుకుంది.

"అనరత్తా."

"మరి ఎవరన్నారే?"

"నానే అన్నాను. ఇంకేటి అంటే నువ్వు గంజి తాగుతావో తెలీక."

మసేనమ్మ చేపల బుట్ట పక్కకి జరిపింది. కోడల్ని అలా చూస్తూ ఉండిపోయింది. ఇంక తిట్లు మొదలవుతాయని తవిటమ్మ భుజాలు ముడుచుకుంది. మసేనమ్మకి మొదట పొట్ట కదిలింది, ఆ తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత నవ్వి నవ్వి దగ్గొచ్చేసింది. "ఓసి నీ నోరు పడ! అమాస పూట, అంతమంది ఎదర, రెప్పెయ్యకుండా!" అంటూ కోడలి తల తన ఒడిలోకి లాక్కుంది.

ఆ తర్వాత చలిరోజుల్లో ముగతమ్మ మనవరాలికి జ్వరం వచ్చింది. చిన్నపిల్ల, నీ అంత ఉంటుంది. ఒళ్ళు కాలిపోతోంది, ఏం పెట్టినా తినట్లేదు. ముగతమ్మ అన్ని మంచాల పక్కనా కూర్చున్న మనిషే గానీ, తన ఇంటి మంచం దగ్గరికొచ్చేసరికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. నీరు వెనక్కి పోయే వేళ అవుతోంది. లేచి తలుపు మూయబోయింది.

అప్పుడు మసేనమ్మ వీధి దాటి, గబగబా వచ్చింది. వెనకాలే తవిటమ్మ గంజి కుండతో వచ్చింది.

"తలుపు తియ్యి ముగతమ్మా! ఆటొచ్చింది!" అంది మసేనమ్మ. పెళ్ళయి ఆ ఊరికి వచ్చాక మొదటిసారి ఆ మాట నోరారా అంది. వీధంతా వినబడింది. "పిల్లగుంటని ఒడ్డుకి తీసుకురండి. గంజి పట్టండి. జొరాన్ని ఆటు అట్టుకుపోతాది."

మంచం ఒడ్డుకి వచ్చింది. పిల్ల ఏడుస్తూ ఏడుస్తూనే కొంగల్ని చూసింది. కొంగల్ని చూస్తూ చూస్తూ గంజి తాగింది. సాయంత్రానికి ఒళ్ళు చల్లబడింది. ఇంకో కథ చెప్పమని పేచీ పెట్టింది, అచ్చు నీలాగే.

అక్కడ చేరినవాళ్ళలో కొత్తగా కాపరానికొచ్చిన ఒక పిల్ల ఆశ్చర్యంగా అడిగింది. "ఇదెక్కడి మాట? నీరు జొరాన్ని తీసుకుపోతాదా? ఎవరు సెప్పేరు?"

మసేనమ్మ నోరు తెరిచేలోపే ముగతమ్మ అందుకుంది. మనవరాల్ని ఒడిలో సర్దుకుని, తల ఎగరేసి చెప్పింది.

"ఎవరు సెప్పడమేటే? మన ఊరి మాటే! నా సిన్నతనంలో మా యమ్మ అనేది. దాని యమ్మా అనేది. మీ కుర్రాళ్ళకేటి తెలుసు?"

అత్తా కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ ఒక్కసారే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, సముద్రం వైపు తిరిగిపోయారు.

అదీ సంగతి. ఇంక కళ్ళు మూసుకో, దుప్పటి కప్పుతాను.

నీరు పోయె, ఇసుక మిగిలె,
పొద్దు పోయె, చుక్క మిగిలె,
కథేమో కంచి దాకా,
మనమేమో మంచం దాకా!